లేక్ ట్రౌట్‌కి ఐస్ మీద ఏ రీలు? (సిమ్కో సరస్సు, 20–35 మీటర్ల లోతు)

బ్యారీ_బుల్లోడు · బ్యారీ, ఒంటారియో

అందరికీ నమస్కారం. ఈ చలికాలం సిమ్కో సరస్సులో కెంపెన్‌ఫెల్ట్ బే వైపు, గడ్డకట్టిన మంచులో కన్నం తొలిచి లేక్ ట్రౌట్ (చల్లని నీళ్ల చేప) కోసం కూర్చోవాలని ఉంది. రాడ్డు ఖాయమైంది: 42 అంగుళాలు, మీడియం హెవీ, స్పిన్నింగ్ గైడ్లు (లైను దూరే రింగులు). రీలు దగ్గర ఆగిపోయాను. చేతిలో ఉన్న దారులు ఇవీ:

1. పర్చ్‌కి వాడే 1000 సైజు స్పిన్నింగ్ రీలు. పెట్టె మీద 'ఐస్' అని రాసి ఉంది.
2. కొత్తగా ఒక ఇన్‌లైన్ రీలు కొనడం.
3. కొరమీను కోసం ఇండియాలో కొన్న 4000 సైజు స్పిన్నింగ్ రీలు.
4. ఇవేవీ కాకుండా మరేదైనా. 150 కెనడియన్ డాలర్లు దాటకూడదు.

జిగ్గులు (హుక్ ఉన్న బరువైన కృత్రిమ ఎరలు) 14 నుంచి 21 గ్రాముల తెల్ల ట్యూబులు. సగం రోజులు హట్‌లో (మంచు మీద వేసే గుడిసెలో), సగం రోజులు ఆరుబయట. ఏది తీసుకోమంటారో, ఎందుకో కాస్త వివరంగా చెప్పగలరు.

---

గాలం_గురువు · డులూత్, మిన్నెసోటా

రీలు సంగతి తేలాలంటే ముందు చేప సంగతి చూడాలి. పర్చ్, క్రాపీ లాంటి చిన్న చేపలు ఉన్నచోట ఉండి ఎరను పొడుస్తాయి. లేక్ ట్రౌట్ అలా కాదు, తరుముతుంది. వేసవిలో చల్లని నీటి కోసం అడుగుకు పోతుంది గానీ, మంచు కింద పైనుంచి కిందిదాకా నీళ్లన్నీ 0–4 డిగ్రీల మధ్యే కాబట్టి దానికి అడ్డే ఉండదు. 30 మీటర్ల దగ్గర ఉన్న చేప ఎర వెంట పడి 8 మీటర్ల దాకా వచ్చేస్తుంది. ఫ్లాషర్ (నీళ్లలో చేపనీ జిగ్గునీ గీతలుగా చూపే సోనార్) తెరమీద కింద ఒక గీత లేచి మీ జిగ్గు గీత వైపు వస్తుందనుకోండి, అప్పుడు జిగ్గును అక్కడే ఆడిస్తూ కూర్చుంటే నూటికి తొంభైసార్లు అది ముక్కు ఆనించి వెనక్కి పోతుంది. జిగ్గు పారిపోవాలి. అందేలోపే అందకుండా పోవాలి. అప్పుడే నోరు తెరుస్తుంది.

ఆ పారిపోవడం అనే పని చేసేది రాడ్డు కాదు, రీలు. అందుకే లేక్ ట్రౌట్ రీలుకి నేను చూసే మొదటి అంకె హ్యాండిల్ ఒక్క చుట్టుకి ఎన్ని సెంటీమీటర్ల లైను లాగుతుందన్నది. బేరింగుల సంఖ్య పెట్టెమీద ఎంత పెద్దగా అచ్చేసినా నేను చూడను.

మీ జాబితాలో 1వది పక్కన పెట్టండి. పెట్టె మీద ఐస్ అని రాసినవి చాలావరకు పర్చ్ బొమ్మలు: చిన్న స్పూలు (లైను చుట్టే చక్రం), చిన్న హ్యాండిల్, డ్రాగ్‌లో (చేప గట్టిగా లాగితే లైనును జారనిచ్చే బ్రేకులో) ఒకటి రెండు పల్చటి వాషర్లు. 3వది లైను లాగడంలో లోటు చేయదు, కానీ 42 అంగుళాల రాడ్డుకి బరువెక్కువ. మణికట్టు గంటలో నొప్పెడుతుంది, జిగ్గు ఆటలో సున్నితం పోతుంది. నా ఓటు 4వ దానికి: 2500 సైజు స్పిన్నింగ్, 6:1 దగ్గర గేర్ రేషియో (హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే రీలు ఆరుసార్లు చుడుతుంది). షిమానోలో 2500 హెచ్‌జీ అని రాసి ఉండేవి, ఫ్లూగర్‌లో 30 సైజు, డైవాలో 2500 కూడా ఆ సైజువే, రేషియో మాత్రం మోడల్‌ని బట్టి చూసుకోండి. మీ బడ్జెట్‌లో మధ్యరకం మోడల్ హాయిగా వస్తుంది.

---

కరీంనగర్_క్యాస్టర్ · ఎడ్మంటన్, అల్బర్టా

గురువుగారూ, 2వ దారి ఇన్‌లైన్ సంగతి అసలు ఎత్తకపోతె ఎట్ల? దానికి రెండు మంచి గుణాలున్నయి. ఒకటి, లైను మెలిక పడదు. స్పిన్నింగ్ రీలు బెయిల్‌ని (లైను పట్టే తీగను) స్పూలు చుట్టూ తిప్పి చుడ్తది, ఇన్‌లైన్ నేరుగ చుడ్తది. రెండు, ట్రిగ్గర్ నొక్కితె స్పూలు వదుల్తది, జిగ్గు సర్రున దిగుతది. ముప్పై మీటర్ల లోతుకి అదేం చిన్న విషయం కాదు.

---

స్పూల్_సుబ్బు · సాల్ట్ లేక్ సిటీ, యూటా

గొడవెందుకు, లెక్క కట్టేద్దాం. చుట్టుకి వచ్చే లైను = నిండిన స్పూలు వ్యాసం × 3.14 × గేర్ రేషియో.

2500 స్పిన్నింగ్: 46 మి.మీ. × 3.14 × 6.0 = సుమారు 87 సెం.మీ.
ఇన్‌లైన్: 55 మి.మీ. × 3.14 × 2.7 = సుమారు 47 సెం.మీ.
లో ప్రొఫైల్ బెయిట్‌కాస్టర్ (రాడ్డు పైన కూర్చునే, స్పూలే తిరిగే చిన్న రీలు): 32 మి.మీ. × 3.14 × 7.1 = సుమారు 71 సెం.మీ.

జిగ్గు సెకనుకి ఒక మీటరు చొప్పున పైకి పారిపోవాలంటే నిమిషానికి 60 మీటర్లు లాగాలి. 2500తో నిమిషానికి 69 చుట్లు, తీరిగ్గా తిప్పొచ్చు. ఇన్‌లైన్‌తో 128 చుట్లు, అదీ గ్లవ్ వేసుకుని, చిన్న పిడి పట్టుకుని. పది సెకన్లు తిప్పేసరికి రాడ్డు కొన కూడా మనతోపాటు ఊగడం మొదలెడుతుంది. ఒట్టి జిగ్గును 30 మీటర్ల నుంచి పైకి తేవాలన్నా 35 చుట్లకీ 64 చుట్లకీ ఉన్న తేడా అంతే.

ఇంకో మాట. రేషియో చూసి మోసపోకండి. 1000 సైజు రీలుకీ 6:1 ఉండొచ్చు, కానీ స్పూలు చిన్నది గనక లైను తక్కువ వస్తుంది. అలాగే 2500 అయినా లైను సగమే చుట్టి, వ్యాసం 46 బదులు 40 దగ్గర ఆపేస్తే 87 కాస్తా 75కి పడిపోతుంది. డబ్బు పెట్టి కొన్న వేగాన్ని ఖాళీ స్పూలు తినేస్తుంది.

---

కరీంనగర్_క్యాస్టర్

సుబ్బన్నా, లెక్కకి దండం. వేగం సంగతి ఒప్పుకుంటున్న. మెలిక సంగతో?

---

గాలం_గురువు

మెలిక నిజమే, కానీ ఎవరికి నష్టం అన్నది చూడాలి. ఒకటి రెండు గ్రాముల టంగ్‌స్టన్ జిగ్గు మెలిక వల్ల గిరగిరా తిరుగుతుంది, తిరిగే జిగ్గును క్రాపీ ముట్టదు. ఇన్‌లైన్ పుట్టింది ఆ అవసరానికే. 14–21 గ్రాముల ట్యూబుకి పైన ఒక చిన్న స్వివెల్ (మెలిక పడకుండా తనలో తాను తిరిగే లింకు) ఉంటే ఆ బాధ చాలావరకు తీరుతుంది.

లేక్ ట్రౌట్ దగ్గర మెలిక అసలు పుట్టే చోటు వేరు. చేప లైను లాక్కుపోతోంది, డ్రాగ్ జారుతోంది, కంగారులో మీరు హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నారు. అప్పుడు లైను లోపలికి రాదు, రోటర్ (బెయిల్‌ని మోసే భాగం) మాత్రం తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ లైనులో ఒక మెలిక. 6:1 రీలు మీద అలా ఐదు చుట్లు తిప్పితే ముప్పై మెలికలు. తర్వాత బెయిల్ తెరవగానే లైను ఉంగరాలు ఉంగరాలుగా ఎగిరి చిక్కుపడుతుంది, తిట్లు రీలుకి. డ్రాగ్ పాడుతున్నంతసేపూ చెయ్యి ఆపండి. అది ఆగాక రాడ్డు ఎత్తి, దించుతూ చుట్టండి.

---

థండర్‌బే_అక్క · థండర్ బే, ఒంటారియో

వేగం చర్చ బావుంది. కానీ మైనస్ 20లో రీళ్లు ఓడిపోయేది వేగం దగ్గర కాదు. హ్యాండిల్ వెనక్కి తిరిగిపోవడం, డ్రాగ్ పట్టేయడం: ఈ రెండూ ఐస్ మీద చేపల్ని పోగొడతాయి. రెండింటికీ మూలం గ్రీజు.

మొదటిది. ఇప్పటి స్పిన్నింగ్ రీళ్లలో హ్యాండిల్ వెనక్కి తిరక్కుండా ఆపేది రోటర్ కింద ఉండే వన్ వే క్లచ్. ఒక ప్లాస్టిక్ కట్టులో చిన్న చిన్న రోలర్లు, ఒక్కో రోలర్ వెనుక వెంట్రుకంత స్ప్రింగు. హ్యాండిల్ వెనక్కి కదలబోతే స్ప్రింగు రోలర్‌ని ఇరుకులోకి తోస్తుంది, రోలర్ అక్కడ బిగుసుకుని ఆపేస్తుంది. ఇంతే యంత్రం. ఇప్పుడా రోలర్ల మధ్యకి గ్రీజు చేరిందనుకోండి. చలికి అది గట్టి మైనంలా అవుతుంది, ఆ సన్న స్ప్రింగు రోలర్‌ని తోయలేదు. మీరు హుక్ కొట్టడానికి రాడ్డు ఎత్తగానే హ్యాండిల్ అరచుట్టో ఒక చుట్టో వెనక్కి తిరుగుతుంది. 25 మీటర్ల లోతులో హుక్ దిగదు, పైగా హ్యాండిల్ వేళ్ల మీద కొడుతుంది. ఇంట్లో 20 డిగ్రీల్లో చూస్తే అదే రీలు భేషుగ్గా పనిచేస్తుంది కాబట్టి జనం హుక్ మొద్దుబారిందనో, చేప సరిగా కరవలేదనో అనుకుంటారు.

బాగు చేసే పద్ధతి (ఫోన్‌తో ప్రతి దశా ఫొటో తీసుకోండి, వారంటీ ఉన్న రీలైతే విప్పితే అది పోవచ్చు):

స్పూలు తీయండి. రోటర్ నట్టును పట్టి ఉంచే చిన్న స్క్రూ విప్పి, నట్టు తీయండి. కొన్ని రీళ్లలో ఈ నట్టు మర వ్యతిరేక దిశలో ఉంటుంది, కదలకపోతే బలం పెట్టకుండా రెండో వైపు తిప్పి చూడండి. రోటర్ నిలువుగా పైకి వస్తుంది. కింద క్లచ్, దాన్ని పట్టి ఉంచే స్క్రూలు. ముఖ్యమైన చోటు ఇదే: క్లచ్ లోపల ఉన్న లోహపు గొట్టాన్ని బయటికి లాగకండి. గొట్టం జారితే రోలర్లూ స్ప్రింగులూ రాలి కార్పెట్లో కలిసిపోతాయి. గొట్టంతో సహా మొత్తాన్ని ఒకే ముక్కగా తీయండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పదిహేను నిమిషాలు నానబెట్టి, అటూ ఇటూ ఆడించి, కాగితం మీద పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత పల్చటి రీలు నూనె సూది మొనతో ఒక్క చుక్క. రెండో చుక్క వేశారంటే మళ్లీ మొదటికి వస్తారు.

మెయిన్ గేరుకి గ్రీజు తీసేయనక్కర్లేదు. లోపలున్న మందపాటి గ్రీజు తుడిచేసి, చలికి గట్టిపడని సింథటిక్ గ్రీజు పళ్లమీద పల్చటి పొరగా పూస్తే చాలు. మొత్తం నూనెతో నడిపితే తేలిగ్గా తిరుగుతుంది గానీ గేరు పళ్లు త్వరగా అరుగుతాయి.

---

బ్యారీ_బుల్లోడు

అక్కా, ఇది తెలియక ఎంతమంది హుక్కులు మార్చి ఉంటారో! డ్రాగ్ గురించి కూడా చెప్పండి. దుకాణంలో ఒకటి 9 కిలోల మ్యాక్స్ డ్రాగ్ అని ఉంది, మరొకటి 4 కిలోలు. ధర దాదాపు ఒకటే. 9 కిలోలదే కదా మంచిది?

---

థండర్‌బే_అక్క

కాదు తమ్ముడూ. ఆ 9 కిలోలు మీకెప్పుడూ అక్కరకు రావు. మీ లీడర్ (జిగ్గుకి ముందు కట్టే కొస లైను) 10 పౌండ్లు అనుకోండి, అంటే 4.5 కిలోలు. ముడి దగ్గర ఇంకాస్త తగ్గుతుంది. డ్రాగ్ పెట్టుకోవాల్సింది అందులో పావు వంతు నుంచి మూడో వంతు లోపు: 1.1 నుంచి 1.4 కిలోలు. సిమ్కోలో మీకు తగిలే రెండు నుంచి ఐదు కిలోల చేపకి అది చాలు.

చూడాల్సింది మొదటి కుదుపు. డ్రాగ్ కదలడం మొదలవ్వడానికి పట్టే బలం, కదిలాక నడిచే బలం, ఈ రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. పడవ మీద ఏడడుగుల రాడ్డు ఉంటే అది వంగి కుదుపు మింగేస్తుంది. ఐస్ మీద మీ రాడ్డు మూడున్నర అడుగులు, లైను సాగని బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన లైను), చేప నిలువునా కిందికి లాగుతుంది. మింగేవాళ్లే లేరు. కన్నం దగ్గరికొచ్చిన ట్రౌట్ వెలుతురు చూసి ఒక్క ఊపున తిరుగుతుంది చూడండి, లీడర్లు తెగేది అప్పుడే.

కొలవడానికి కొత్త సామానేం అక్కర్లేదు. ఇండియా ప్రయాణానికి పెట్టెలు తూచే వేలాడే కాటా మనోళ్ల ప్రతి ఇంట్లో ఉంటుంది. లైను కొస దానికి కట్టి, రాడ్డు 45 డిగ్రీల్లో పట్టుకుని నెమ్మదిగా లాగండి. కదిలిన క్షణంలో అంకె ఒకసారి, నడుస్తుండగా ఒకసారి చూడండి.

తర్వాత రీలును జిప్ సంచిలో గాలి తీసి మూసి, రాత్రంతా ఫ్రీజర్లో పెట్టండి. ఇంటి ఫ్రీజరు మైనస్ 18 ఉంటుంది, సరస్సు మీదకి సరిగ్గా సరిపోయే పరీక్ష. సంచి ఎందుకంటే, లేకపోతే తీయగానే గదిలో తేమ రీలు మీద మంచు పొరగా పట్టి కొలత తప్పుతుంది. బయటికి తీసిన వెంటనే ఒకటి, అదే కాటాతో డ్రాగ్ మళ్లీ చూడండి. రెండు, స్పూలు వేళ్లతో పట్టుకుని హ్యాండిల్‌ని పదిసార్లు గట్టిగా వెనక్కి కుదపండి. పదిలో ఒక్కసారి జారినా క్లచ్ శుభ్రం చేయాల్సిందే.

మొదటి కుదుపు అంకె బాగా పెరిగిందంటే డ్రాగ్ వాషర్ల మీద గ్రీజు ఎక్కువైనట్టు. కార్బన్ వాషర్లయితే పూర్తిగా తుడిచి, వేలికి అంటీ అంటనంత డ్రాగ్ గ్రీజు రుద్దండి. ఫెల్ట్ వాషర్లని మాత్రం ఎండగట్టకండి, అవి గ్రీజు పీల్చుకునే నడుస్తాయి. పైన తేలినదాన్ని తుడిస్తే చాలు. తీసిన వరుసలోనే తిరిగి పేర్చండి. చెవులున్న వాషరు, చెవులు లేని వాషరు తారుమారైతే డ్రాగ్ ఎంత బిగించినా పట్టదు.

---

కరీంనగర్_క్యాస్టర్

అక్క చెప్పినదానికి తిరుగు లేదు. అయితే రాడ్డు కొనని వాళ్ల కోసం బెయిట్‌కాస్టర్ సంగతి గూడ ఈడ రాసిపెడ్త. చిన్న లో ప్రొఫైల్ రీలుకు లైను మెలిక పడదు, సుబ్బన్న లెక్క ప్రకారం చుట్టుకు 70 సెంటీమీటర్లు వస్తది, బొటనవేలితోని స్పూలు ఆపుకుంట జిగ్గును దించొచ్చు. కింద పడేటప్పుడే చేప పట్టినా వెంటనే తెలుస్తది. హట్‌ల కూసునేటోళ్లకి నేను ఇదే చెప్త.

ఆరుబయట మాత్రం వద్దు. లైనును అటూ ఇటూ పేర్చే లెవెల్ విండ్ ఉంటది సూడుర్రి, దాని కింద మర పురి ఉన్న కడ్డీ. బ్రెయిడు తెచ్చిన నీళ్లు ఆ పురిల గడ్డకడ్తయి, పేర్చేది ఒక్కచోట ఆగిపోతది, లైను ఒక పక్కనే గుట్టలెక్క పడ్తది. బలవంతంగ తిప్పితె అందుల ఉండే చిన్న పాల్ (పురిల నడిచే పన్ను) విరుగుతది.

లైన్ కౌంటర్ ఉన్న రీళ్లూ దొరుకుతయి. మీదికి బాగనే ఉంటయి. కానీ చాలా కౌంటర్లు లెక్కపెట్టేది స్పూలు చుట్లని, లైనుని కాదు. లైను నిండుగ లేకుంటె 20 మీటర్లు అని సూపెడ్తది, జిగ్గు 17 దగ్గర్నే ఉంటది. ఫ్లాషర్ ఉన్నోళ్లకి దాంతోని పని లేదు. లేనోళ్లు పది పది మీటర్లకి రంగు మారే బ్రెయిడు చుట్టుకుంటె అదే కౌంటరు.

ఇంకొకటి: బెయిట్‌కాస్టరుకి రాడ్డు గైడ్లు పైకి ఉండాలె, రీలు పైన కూసోవాలె. బుల్లోడి దగ్గరున్నది స్పిన్నింగ్ రాడ్డు. దానికిది కుదరదు.

---

బ్యారీ_బుల్లోడు

అర్థమైంది క్యాస్టర్ అన్నా. అయితే 2500 స్పిన్నింగే. లైను ఎంత చుట్టాలి? బ్రెయిడా, మోనోనా (ఒంటి నైలాన్ పోగు)? బ్రెయిడు గడ్డకడుతుందంటున్నారు కదా.

---

స్పూల్_సుబ్బు

లోతు 35 మీటర్లు. చేప పక్కకి ఇంకో 40–50 మీటర్లు లాగొచ్చు. కన్నం అంచుకి రాసుకుని కొన చెడితే అప్పుడప్పుడు కోసేస్తుంటాం. అన్నీ కలిపి 100 మీటర్ల బ్రెయిడు చాలు. కానీ 2500 స్పూలు ఒట్టి 100 మీటర్ల సన్న బ్రెయిడుతో నిండదు, కింద మోనో బ్యాకింగ్ వేయాలి. ఎంత వేయాలంటే:

స్పూలు మీద 0.28 మి.మీ. మోనో 130 మీటర్లు పడుతుందని రాసి ఉందనుకోండి. మీ బ్రెయిడు 0.20 మి.మీ. లైను ఆక్రమించే చోటు మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.20ని 0.28తో భాగించి వర్గం చేస్తే 0.51. అంటే 100 మీటర్ల బ్రెయిడు 51 మీటర్ల మోనో చోటు తింటుంది. మిగిలిన 79 మీటర్లు మోనో వేసి, దానిమీద బ్రెయిడు. స్పూలు పెదవికి 2 మి.మీ. కింద ఆపండి. అంచుదాకా నింపితే బెయిల్ తెరవగానే చుట్లు చుట్లుగా రాలిపోతుంది.

బ్యాకింగ్ నింపడానికే కాదు. నున్నటి అల్యూమినియం స్పూలు మీద బ్రెయిడు పట్టు దొరక్క మొత్తం చుట్టగా గుండ్రంగా జారుతుంది. డ్రాగ్ జారుతోందేమో అని బిగిస్తూ పోతారు, జారేది లైను. చుట్టేటప్పుడు తడిగుడ్డతో లైనును వేళ్ల మధ్య బిగించి పట్టుకోండి. వదులుగా చుడితే చేప లాగినప్పుడు పై చుట్టు కింది చుట్లలోకి కోసుకుపోయి ఇరుక్కుంటుంది.

---

గాలం_గురువు

బ్రెయిడు, మోనో సంగతి: మోనో సాగుతుంది. 30 మీటర్ల దగ్గర మీరు రాడ్డు ఎత్తిన ఎత్తులో చాలా భాగం సాగుడుకే పోతుంది. చల్లటి మోనో స్పూలు ఆకారాన్ని గుర్తుపెట్టుకుని స్ప్రింగులా దిగుతుంది కూడా. లోతుకి బ్రెయిడే.

గడ్డకట్టడం నిజం. బ్రెయిడు నేత మధ్య నీళ్లు పట్టుకుని వస్తుంది. హట్‌లో ఇబ్బంది లేదు. ఆరుబయట మైనస్ 10 దాటితే కొన గైడులో మంచు పూస కడుతుంది. మిన్నెసోటా బౌండరీ వాటర్స్‌లోకి మోటారు బళ్లు వెళ్లనివ్వరు కాబట్టి సామాను లాక్కుంటూ నడిచిపోయి రోజంతా ఆరుబయటే ఉండేవాళ్లు ఎక్కువ. అక్కడ పనికొచ్చే కిటుకులు మూడు. ముందురోజు రాత్రి స్పూలు మీద సిలికాన్ లైన్ స్ప్రే కొట్టి ఆరనివ్వడం. కొన గైడు పెద్దదిగా ఉన్న రాడ్డు ఎంచుకోవడం. మంచు పూస కట్టినప్పుడు రాడ్డు కొనను కన్నంలో నీళ్లలో ముంచి కరిగించి, తీయగానే ఒక్కసారి విదిలించడం. రాడ్డును బూటుకేసి కొట్టారో, మంచుతోపాటు గైడు లోపలి సిరామిక్ ఉంగరం కూడా ఊడుతుంది. రీలును మాత్రం నీళ్లలో ముంచకండి.

లీడర్ ఫ్లోరోకార్బన్, 10 లేక 12 పౌండ్లు. స్వివెల్‌తో కలిపితే లీడర్ మీ రాడ్డు పొడవు మించకూడదు. స్వివెల్ కొన గైడు దగ్గర ఆగిపోతుంది, లీడర్ రెండు మీటర్లుంటే చేప ఇంకా మంచు కిందే ఉండిపోతుంది, చేత్తో లైను లాగాల్సి వస్తుంది. రెండు మూడు మీటర్ల లీడర్ కావాలంటే డబుల్ యూని ముడితో నేరుగా కలిపి, స్వివెల్‌ని జిగ్గుకి రెండు అడుగుల పైన పెట్టుకోండి.

---

థండర్‌బే_అక్క

రీలు వైపు నుంచి ఇంకొక్కటి కలపాలి: బెయిల్ మీద ఉండే లైన్ రోలర్. బ్రెయిడు తెచ్చిన నీరు మొదట చేరేది అక్కడే. గడ్డకట్టి రోలర్ తిరగడం ఆగితే లైను దానిమీద రాసుకుంటూ వస్తుంది, మెలిక పెరుగుతుంది, బ్రెయిడు నూగు లేస్తుంది. గంటకోసారి వేలితో తిప్పి చూడండి. నోటితో ఊదకండి, ఊపిరిలో తేమ ఇంకాస్త మంచు అవుతుంది. గ్లవ్ తీసి రెండు నిమిషాలు అరచేతిలో పట్టుకుంటే కరుగుతుంది.

హట్‌లో హీటరు ఉందని రీలును దాని పక్కన ఆరబెట్టి, మళ్లీ బయటికి తీసుకెళ్లడం అన్నిటికంటే చెడ్డ పని. వేడిలోకి వచ్చిన చల్లటి లోహం మీద తేమ పడుతుంది, లోపల కూడా. బయటికి రాగానే ఆ తేమ క్లచ్‌లోనూ డ్రాగ్‌లోనూ గడ్డకడుతుంది. ఆరోజు బయట అనుకుంటే రీలు రోజంతా బయటే ఉండాలి. ఇంటికొచ్చాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి, స్పూలు తీసి విడిగా పెట్టి, రాత్రంతా ఆరనివ్వండి. కేసులో పెట్టి మూసేస్తే తేమ లోపలే ఉంటుంది.

కొనేటప్పుడు గ్లవ్ వేసుకుని తిప్పి చూడండి. పిడి చిన్నదైతే జారుతుంది. గుండ్రటి ఫోమ్ పిడి ఉన్నది తీసుకోండి, లోహపు పిడి వేళ్లని కొరికేస్తుంది.

---

పులుసు_ప్రియుడు · మిసిసాగా, ఒంటారియో

రీలు సరే, ఈ ట్రౌట్ పులుసుకి పనికొస్తుందా? కొవ్వు ఎక్కువంటున్నారు?

---

మోడరేటర్

వంట చర్చ వంటింటి విభాగంలో. ఇక్కడ రీళ్లు మాత్రమే.

---

బ్యారీ_బుల్లోడు

రెండో లైను వేయాలంటే ఆ పాత 4000 రీలు పనికొస్తుందా?

---

గాలం_గురువు

భేషుగ్గా. ఒంటారియోలో చాలా జోన్లలో ఐస్ మీద రెండు లైన్లు వేయనిస్తారు, కానీ మీ లైన్లకి 60 మీటర్ల లోపే ఉండాలి. మీ జోన్ నియమాలూ లేక్ ట్రౌట్ సీజను తేదీలూ ఆ ఏడాది పుస్తకంలో చూసుకోండి. రెండో రాడ్డు హోల్డర్‌లో ఉంటుంది కాబట్టి బరువు సమస్య కాదు. డ్రాగ్‌ని చేప లాగితే సులువుగా లైను వచ్చేంత వదులుగా, అర కిలో దగ్గర పెట్టండి. లేకపోతే రాడ్డు హోల్డర్‌తో సహా కన్నంలోకి పోతుంది. చేతిలోకి తీసుకున్నాక స్పూలు మీద అరచెయ్యి ఆనించి హుక్ కొట్టి, అప్పుడు డ్రాగ్ బిగించండి. అక్క చెప్పిన ఫ్రీజర్ పరీక్ష దానికీ చేయండి. అక్కడి వేడికి తగ్గట్టు కొన్న రీలు, లోపల ఎంత గ్రీజు ఉందో విప్పితే గానీ తెలియదు.

---

బ్యారీ_బుల్లోడు

2500, 6.0:1, ఫోమ్ పిడి ఉన్నది తీసుకున్నాను. ఫ్రీజర్ పరీక్ష ఫలితాలు: గదిలో డ్రాగ్ 1.2 కిలోలకి పెడితే మొదటి కుదుపు 1.3. ఫ్రీజర్ నుంచి తీయగానే మొదటి కుదుపు 1.9, నడక 1.3. వెనక్కి కుదిపితే పదిలో ఒక్కసారీ జారలేదు. పాత 4000 మాత్రం పదిలో నాలుగుసార్లు జారింది.

---

థండర్‌బే_అక్క

2500 క్లచ్ ముట్టుకోకండి, బాగున్నదాన్ని విప్పడం దండగ. డ్రాగ్ వాషర్లు మాత్రం తుడిచి మళ్లీ కొలవండి, మొదటి కుదుపు 1.5 లోపు రావాలి. 4000కి క్లచ్ శుభ్రం చేయాల్సిందే.

ఇంకో మాట, డ్రాగ్ నాబ్ కింద రబ్బరు సీలు ఉందేమో చూడండి. ఉంటే దానికి సిలికాన్ గ్రీజు రాయండి, పెట్రోలియం జెల్లీ వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బుతుంది. ఎండిన రబ్బరు చలికి బిగుసుకుని నాబ్‌ని పట్టేస్తుంది. చేప కన్నం కింద ఉన్నప్పుడు డ్రాగ్‌ని పావు చుట్టు వదులు చేయాలి కదా, అప్పుడు అది కదలకపోతే అంతే సంగతులు.

---

బ్యారీ_బుల్లోడు

సీలు ఉంది. తుడిచి, కార్బన్ వాషర్లకి పల్చగా రాసి, మళ్లీ ఒక రాత్రి పెట్టాను. ఇప్పుడు మొదటి కుదుపు 1.4, నడక 1.2. చేప పైకి వస్తుంటే బుడగలు వస్తాయంటారు, అప్పుడు చుట్టడం ఆపాలా?

---

గాలం_గురువు

ఆపక్కర్లేదు, వేగం తగ్గిస్తే చాలు. లేక్ ట్రౌట్‌కి గాలితిత్తి నుంచి గొంతులోకి దారి ఉంటుంది, పైకి వస్తూ గాలి వదిలేస్తుంది. ఆ గాలే కన్నంలో బుడగలుగా తేలుతుంది. సగం లోతు దాటాక నెమ్మదిగా తెస్తే పూర్తిగా వదులుతుంది, తిరిగి వదలాలనుకున్న చేప తనంతట తాను దిగిపోతుంది. బుడగలు కనపడ్డాయంటే చేప దగ్గరికొచ్చినట్టే. డ్రాగ్ పావు చుట్టు వదులు చేసి, రాడ్డు కొనను కన్నంలోకి దించండి, లైను మంచు అంచుకి తగలకుండా. ఒకసారి తల లోపలికి వచ్చి మళ్లీ తిరిగి పోతుంది. పోనివ్వండి. చెయ్యి హ్యాండిల్ మీద పెట్టకండి.